పాత తీర్పు పట్టుకెళితే ఆడపడుచు వాటాకే ముప్పు!

తండ్రి 2005కు ముందే చనిపోయాడు. పిత్రార్జితం పొలంలో కూతురికి వాటా వస్తుందా, రాదా? పల్లెల నుంచి కోర్టు మెట్లెక్కే పంపకాల దావాల్లో తరచు తలెత్తే ప్రశ్న ఇది. 2015లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఒక్కటే చూసిన ప్లీడరు "రాదు" అంటాడు. 2020 నాటి తీర్పు కూడా చూసిన ప్లీడరు "వస్తుంది" అంటాడు. రెండూ సుప్రీంకోర్టు తీర్పులే. అయితే ఇప్పుడు నిలిచి ఉన్నది ఒక్కటే.

ఈ కథ మన రాష్ట్రం నుంచే మొదలయింది. ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా కూతుళ్ళకూ హక్కు కల్పిస్తూ 1986లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చట్టం చేసింది. అది 1985 సెప్టెంబరు 5 నుంచి అమలులోకి వచ్చింది. అప్పటికే పెళ్ళయిన వారికి మాత్రం ఆ హక్కు దక్కలేదు. 2005 సెప్టెంబరు 9 నుంచి కేంద్ర చట్ట సవరణ దేశమంతటా కూతుళ్ళందరికీ సమాన హక్కు ఇచ్చింది. ఆ తేదీ నాటికి తండ్రి బతికి ఉంటేనే ఈ హక్కు వర్తిస్తుందని 2015లో ప్రకాశ్-ఫూలవతి కేసులో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని తోసిపుచ్చింది. హక్కు పుట్టుకతోనే వస్తుందని, తండ్రి బతికి ఉండాలన్న నియమం లేదని తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు దస్తావేజుతోనో కోర్టు డిక్రీతోనో జరిగిన పంపకాలను మాత్రం కదపరాదన్నది. నోటిమాటగా పంచుకున్నామంటే, గట్టి ప్రభుత్వ రికార్డుల ఆధారం ఉంటే తప్ప చెల్లదని కూడా చెప్పింది.

బీరువాల నుంచి సెల్‌ఫోనుకు

ఒకప్పుడు ఇలాంటి తీర్పు వెతకాలంటే లావుపాటి పుస్తకాలే దిక్కు. 1914 నాటి సంపుటాలు మొదలుకొని ఆలిండియా రిపోర్టర్, ఇటు ఆంధ్ర లా టైమ్స్ వంటివి పెద్ద ప్లీడర్ల గదుల్లోనూ, బార్ అసోసియేషన్ బీరువాల్లోనూ ఉండేవి. కొత్త సంపుటం బైండు అయి వచ్చేదాకా చిన్న ఊళ్ళ ప్లీడర్లు ఎదురుచూడవలసిందే. ఏ తీర్పు ఎక్కడుందో చెప్పడానికి లైబ్రరీ గుమాస్తా జ్ఞాపకశక్తే ఆధారం. చట్టం మారితే సవరణ చీటీ అతికించడం, కొట్టుడుపోయిన తీర్పు పక్కన గుర్తు పెట్టడం ఆయన పని.

ఇప్పుడా పుస్తకాలు సెల్‌ఫోనులోకి వచ్చాయి. 2008 నుంచి 'ఇండియన్ కానూన్' అనే వెబ్‌సైటులో తీర్పులు పైసా ఖర్చు లేకుండా వెతుక్కోవచ్చు. సుప్రీంకోర్టు కూడా 2023 జనవరిలో తన అధికారిక తీర్పుల సంపుటాలను 'ఇ-ఎస్సీఆర్' పేరుతో ఉచితంగా అందుబాటులో పెట్టింది. కొన్ని తీర్పులకు తెలుగు అనువాదాలూ వచ్చాయి. చందా కట్టి వాడుకునే మనుపాత్ర, ఎస్‌సీసీ ఆన్‌లైన్ వంటివి సరేసరి. తాలూకా కోర్టులో కొత్తగా నల్లకోటు వేసిన కుర్ర ప్లీడరుకూ, రాజధానిలోని పెద్ద ప్లీడరుకూ నేడు ఒకే తీర్పు ఒకే రోజున దొరుకుతున్నది.

దొరికితే చాలదు

చిక్కంతా ఇక్కడే ఉంది. సెల్‌ఫోనులో పాత తీర్పూ దొరుకుతుంది, కొత్త తీర్పూ దొరుకుతుంది. ఏది నిలిచిందో తేల్చుకోవలసింది వెతికే మనిషే. అందుకు మూడు విషయాలు తప్పక చూడాలి. తీర్పు ఏ కోర్టుది? ఎంతమంది న్యాయమూర్తులు ఇచ్చారు? ఆ తర్వాత వచ్చిన తీర్పులు దాని గురించి ఏమన్నాయి? మూడోది చూడకుండా 2015 నాటి తీర్పు అచ్చు తీసి కోర్టుకు పట్టుకెళితే ఆడపడుచు నోటి దగ్గరి కూడు జారిపోయినట్టే.

అసలు లేని తీర్పులు పుట్టుకొచ్చే ప్రమాదం కూడా తోడయింది. కృత్రిమ మేధను అడిగితే ఉన్నట్టే కేసు పేరు, నంబరు కల్పించి చెప్పిన సందర్భాలున్నాయి. అమెరికాలోని న్యూయార్కులో అలాంటి కల్పిత తీర్పులను కోర్టుకు సమర్పించిన ఇద్దరు ప్లీడర్లకూ, వారి సంస్థకూ కలిపి 2023లో న్యాయమూర్తి 5,000 డాలర్ల జరిమానా విధించారు. యంత్రం చెప్పినా, మనిషి చెప్పినా అసలు తీర్పు తెరిచి చదవనిదే నమ్మరాదన్నది దాని సారాంశం. చీటీ అతికించే గుమాస్తా పనికి కాలం చెల్లలేదు. ఆ పని ఇప్పుడు ప్రతి ప్లీడరు మీదా పడింది.

కక్షిదారులూ చూసుకోవచ్చు

వాయిదా ఉందో లేదో తెలియక కూలి మానుకుని, బస్సెక్కి కోర్టుకు వెళ్ళి, చెట్టు కింద కూర్చుని తిరిగివచ్చే అవస్థ పల్లెవాసులకు కొత్త కాదు. జిల్లా, తాలూకా కోర్టుల్లోని ప్రతి కేసుకూ అక్షరాలు, అంకెలు కలిపి 16 ఉండే సీఎన్ఆర్ నంబరు ఉంటుంది. 'ఇ-కోర్ట్స్ సర్వీసెస్' యాప్‌లో ఆ నంబరు కొడితే తరువాతి వాయిదా ఎప్పుడో, కేసు ఏ దశలో ఉందో తెలుస్తుంది. నంబరు లేకపోతే కక్షిదారు పేరుతోనైనా వెతకవచ్చు. వకాల్తా మీద సంతకం చేసి ఊరుకోకుండా, దావా వేసిన తర్వాత ఈ నంబరు అడిగి ఇంట్లో రాసిపెట్టుకోవడం మంచిది. చదువురాని వారికి బడికి పోయే పిల్లలైనా చూసి చెప్పగలరు.

వాటా కోసం దావా వేయాలని ఉన్నా ప్లీడరు ఫీజుకు భయపడి ఆగిపోయే ఆడపడుచులు మరొకటి తెలుసుకోవాలి. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం కింద, ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలకు ఉచిత న్యాయసహాయం పొందే అర్హత ఉంది. 15100 నంబరుకు ఫోను చేయవచ్చు.

ఓడినవాడు కోర్టులో ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడని సామెత. ఖర్చులకు భయపడి ఏడ్చేవారి సంగతి అటుంచి, కొట్టుడుపోయిన తీర్పును నమ్ముకుని ఓడి ఏడవవలసిన పని మాత్రం ఇక లేదు. "ఈ తీర్పు ఇప్పటికీ నిలిచి ఉందా, ప్లీడరుగారూ?" అని అడగడానికి ఏ కక్షిదారూ మొహమాటపడనక్కర లేదు.