రొమ్ము సాంద్రత – తగిన పరీక్ష

సూరతు నగరములోని లింబాయత్ ప్రాంతమున మరమగ్గములపై జీవించు తెలుగు పద్మశాలి కుటుంబములు అనేకము కలవు. తెల్లని వస్త్రమందు తెల్లని నూలుముడి తేలికగా కానరాదని ఆ ఇండ్ల స్త్రీలకు తెలియును. మామోగ్రాములోను ఇదే చిక్కు. కొవ్వు తక్కువై గ్రంథులు, పీచు అధికముగా నున్న రొమ్ము అందు తెల్లగా కనబడును. కాన్సరు గడ్డయు తెల్లగానే కనబడును. ఇట్టి సాంద్రత వ్యాధి కాదు. కాని కాన్సరు ముప్పును కొంత పెంచును.

కావున వయస్సును, సాంద్రతను, తల్లికి గాని తోబుట్టువులకు గాని ఆ వ్యాధి వచ్చినదా అను సంగతిని విచారించి, వైద్యులు అవసరమైనవారికి అల్ట్రాసౌండు పరీక్షయు సూచింతురు. చేతితో చేయు పరీక్షయు తక్కువది కాదు. ముంబయిలో 1998లో ఆరంభమైన టాటా మెమోరియల్ ఆస్పత్రి పరిశోధనలో, రెండేండ్ల కొకమారు అట్లు పరీక్షించుటచే 50 ఏండ్లు, ఆపై వయస్సుగల స్త్రీలలో ఈ వ్యాధి మరణములు సుమారు 30 శాతము తగ్గినవి. గడ్డ చేతికి తగిలినచో, మామోగ్రాము బాగున్నదని ఊరకుండక వెంటనే వైద్యునికి చూపవలెను.