అళియ రామరాయల కొలువులు

లేపాక్షి గుడిని, పెనుకొండ కోటను చూడని విద్యార్థి మన చిలమత్తూరున అరుదు. ఆ పెనుకొండ విజయనగర రాజ్యమునకు ముఖ్యపట్టణమగుటకు కారణము ఒక వృద్ధ సేనాని యుద్ధభూమిలో మడియుట. అతడే అళియ రామరాయలు. ఆయన తొలుత పరరాజు కొలువున జీతమునకు కత్తిపట్టిన బంటు అని ఎరిగినవారు కొలదిమంది.

పదునారవ శతాబ్దమున యుద్ధమొక వృత్తి. ఇంగ్లండు రాజగు ఎనిమిదవ హెన్రీ 1544లో ఫ్రాన్సుపై దండెత్తినపుడు జర్మనీ మున్నగు దేశముల కిరాయి సైనికులను కుదుర్చుకొనెను. దక్కనునందును అంతే. పారసీకులు, అబిసీనియులు, తెలుగు నాయకులు తమకు జీవనము దొరకిన కొలువున చేరుచుండిరి. మతము దానికి అడ్డుగా నిలువలేదు.

గోలకొండ చరిత్రకారుడొకడు వ్రాసినదానిని బట్టి, రామరాయలు మొదట సుల్తాన్ కులీ కుతుబ్ షా కొలువున నుండెను. సుల్తాను తాను గెలిచిన కొన్ని సీమలను ఆయన వశము చేసెను. 1515 ప్రాంతమున బిజాపురపు దండు వచ్చిపడగా, రామరాయలు తాళలేక గోలకొండకు మరలెను. సుల్తాను అది పిరికితనమని యెంచి ఆయనను కొలువునుండి వెడలగొట్టెను. పని పోయిన ఆ బంటు విజయనగరము చేరెను. శ్రీకృష్ణదేవరాయలు ఆయనను చేర్చుకొని, పిమ్మట తన కుమార్తెనిచ్చి వివాహము చేసెను. 'అళియ' యనగా కన్నడమున అల్లుడు.

విజయనగరమున నాయకులకు జీతము 'అమరము'గ ముట్టుచుండెను. అనగా కొన్ని గ్రామముల రాబడిని అనుభవించుచు, అందుకు బదులుగ ఇన్ని గుఱ్ఱములను, ఏనుగులను, ఇంత కాల్బలమును పోషించి, రాజునకు ఏటేట సొమ్ము చెల్లింపవలెను. పోర్చుగీసువాడగు నూనిజ్ దీనిని విపులముగ వ్రాసియున్నాడు. వాన తప్పినను గుఱ్ఱమునకు దాణా తప్పదు. ఆ భారము తుదకు ఎవరిపై పడునో మన సీమవారికి విడమరచి చెప్పనక్కరలేదు.

అచ్యుతరాయలు గతించిన పిదప రామరాయలు సదాశివరాయని గద్దెనెక్కించి, రాజ్యభారము తానే వహించెను. తానును జీతమునకు పోరాడినవాడు గనుక అట్టివారి విలువ నెరిగి, అనేకులగు ముస్లిం సైనికులను చేర్చుకొనెను. గోలకొండనుండి పారివచ్చిన ఇబ్రహీం కుతుబ్ షా 1543 మొదలు సుమారు ఏడేండ్లు విజయనగరమున తలదాచుకొనెను. ఆ ఇబ్రహీమే 1565 జనవరి 23న తళ్లికోట యుద్ధమున ఎదుటి పక్షమున నిలిచెను!

ఆనాడు రామరాయలు పట్టుబడగా, అహమ్మదునగరపు హుసేన్ నిజాంషా ఆయన తల తీయించెను. 1567లో విజయనగరము చూచిన వెనిసు వర్తకుడు సీజరు ఫ్రెడరికు, రామరాయల సేనలోని ఇద్దరు ముస్లిం సేనానులు పోరునడుమ పక్షము మార్చిరని వ్రాసెను. అది నిజమైనచో, జీతమునకు వచ్చినవారు అటులే పోగలరని రామరాయలకంటె బాగుగ ఎరిగినవాడెవడు?

ఆయన తమ్ముడు తిరుమలరాయలు సదాశివరాయని వెంటబెట్టుకొని, ధనరాశులను ఏనుగులపై ఎక్కించి, పెనుకొండ దారి పట్టెను.