చెక్క మర వానాకాలంలో ఎందుకు బిగుసుకుంటుంది? అనంతపురంలో నాలుగు వైసుల కథ

పోయిన ఎపిసోడ్‌లో సీఎన్‌సీ మీద నాలుగో యాక్సిస్ బిగించుకోవడం చూసినాం కదా. దాని మీద చెక్క స్క్రూ కోయడం చూపిస్తానని చెప్పినాను. చూపిస్తాను. కానీ ముందు నేను చేసిన ఒక తప్పు చెప్పాల. ఆ తప్పు చెప్పకుండా స్క్రూ కోసి చూపిస్తే మీరు కూడా అదే తప్పు చేస్తారు, ఎందుకంటే కోసిన రోజు అది చాలా బాగా తిరుగుతుంది.

మా వీధి చివర ఒక ఆచారి ఉన్నాడు. అరవై దాటినాయి. మన వైపు వడ్రంగులు చాలామంది పాతకాలం నుంచి నేల మీద కూర్చుని, చెక్కను కాలితో తొక్కిపట్టుకుని పని చేస్తారు. మీరు చూసే ఉంటారు. పాదమే వాళ్ళ వైస్. ఆయనకు ఇప్పుడు మోకాళ్ళు నొప్పి. నిలబడి పని చేసుకునే బల్ల ఒకటి చేసుకున్నాడు, దానికి వైస్ కావాల. ఇనుప వైస్ కొంటే పని అయిపోతుంది, ఆ మాట నేనే చెప్పినాను. ఆయనేమో, ఇనుప దవడలు చెక్క మీద గాట్లు పెడతాయి, నీ మిషను మీద చెక్కదే చెయ్యప్పా అన్నాడు. ఆయన చూసి ఆయన తెలిసినవాళ్ళు ఇంకో ముగ్గురు అడిగినారు. మొత్తం నాలుగు. డబ్బులు కూడా ముందే ఇచ్చినారు.

చెక్క ఆయనే తెచ్చినాడు, నల్ల తుమ్మ. బండి చక్రాలకు, నాగళ్ళకు, గానుగలకు మనవాళ్ళు వాడుతూ వచ్చిన చెక్క. బాగా ఆరింది, దిట్టంగా ఉంది. ఏప్రిల్, మే నెలల్లో నాలుగు వైసులూ చేసి ఇచ్చినాను.

ఇప్పుడు కోత సంగతి. స్క్రూ బయటి వ్యాసం 50 మిల్లీమీటర్లు, పిచ్ 8 మిల్లీమీటర్లు. అంటే ఒక చుట్టు తిప్పితే 8 మిల్లీమీటర్లు ముందుకు పోతుంది. మర పొడవు 200 మిల్లీమీటర్లు, అంటే 25 చుట్లు. కట్టర్ 90 డిగ్రీల వీ-బిట్. ఇనుప బోల్టుకి 60 డిగ్రీలు ఉంటుంది కదా, చెక్కకు ఎందుకు 90 అంటే, మర పన్ను మొదలు వెడల్పుగా ఉండాల. చెక్క స్క్రూలో నార కడ్డీ పొడుగునా పోతుంది, పన్నులో మిగిలేది పొట్టి పొట్టి నార ముక్కలే. పన్ను సన్నగా ఉంటే చీలి ఊడిపోతుంది. 90 డిగ్రీల బిట్ 3.5 మిల్లీమీటర్ల లోతుకి దిగితే గాడి వెడల్పు 7 మిల్లీమీటర్లు, పైన ఒక మిల్లీమీటరు చదును మిగులుతుంది. ఆ చదును ఉంచండి. కత్తిలాగా మొన తేల్చితే చూడ్డానికి బాగుంటుంది గానీ రెండు రోజుల్లో రాలిపోతుంది.

నా కంట్రోలర్ జీఆర్‌బీఎల్. మామూలు జీఆర్‌బీఎల్‌కి మూడు యాక్సిస్‌లే. అందుకే బిట్‌ని సరిగ్గా కడ్డీ నడిమధ్యకు తెచ్చి, వై మోటారు వైరు పీకి, రోటరీ మోటారుకు పెడతాం. మోటారుకు చుట్టుకి 200 స్టెప్పులు, మైక్రోస్టెప్పింగ్ 16, బెల్టు తగ్గింపు 6. గుణిస్తే చుట్టుకి 19,200. దాన్ని 360తో భాగిస్తే డిగ్రీకి 53.333. ఈ అంకెను వై సెట్టింగులో పెడితే, ఇక వై అంటే మిల్లీమీటర్లు కాదు, డిగ్రీలు. అప్పుడు మొత్తం మర ఒక్క లైను కోడ్: జీ1 ఎక్స్200 వై9000. అంతే. పెద్ద సాఫ్ట్‌వేర్ ఏమీ అక్కర్లేదు.

ఇక్కడ ఒక గోతి ఉంది. ఫీడ్ లెక్క వేసేటప్పుడు జీఆర్‌బీఎల్‌కి డిగ్రీ, మిల్లీమీటరు తేడా తెలీదు, రెండింటినీ కలిపేస్తుంది. మీరు ఎఫ్3000 అని పెడితే అది దాదాపు నిమిషానికి 3000 డిగ్రీలు, అంటే ఎనిమిది చుట్లకు కొంచెం ఎక్కువ. 50 వ్యాసం కడ్డీ మీద అది నిమిషానికి 1300 మిల్లీమీటర్ల కోత. తుమ్మకు సరిపోతుంది. అదే ఎఫ్800 పెట్టినారనుకోండి, బిట్ ముందుకు పోకుండా అక్కడక్కడే రుద్దుతుంది, చెక్క మాడుతుంది. నాకు మొదటి కడ్డీ అట్లనే నల్లబడింది.

లోతు ఒకేసారి దింపొద్దు. నేను 1, 1, 0.8, 0.5, చివరిగా 0.2 దింపుతాను. ఒక్కో పాస్ మూడు నిమిషాలు. పాస్ అయినాక జెడ్ పైకెత్తి ఎక్స్‌ని వెనక్కి తెస్తే చాలు, కడ్డీని 25 చుట్లు వెనక్కి తిప్పే పని లేదు. 25 నిండు చుట్లు కాబట్టి అది మొదలుపెట్టిన చోటే నిలబడి ఉంటుంది. జీ92 వై0 అని చెప్పండి, మళ్ళీ మొదలు. మధ్యలో కరెంటు పోతే మాత్రం ఆ కడ్డీ పొయ్యిలోకే. యూపీఎస్ పెట్టుకోండి. ఎందుకు చెప్తున్నానో మీకే తెలుసు.

నట్టు వేరే పని. రంధ్రం లోపలికి దిగే పొడుగు మెడ కట్టర్‌తో, కింద నుంచి పైకి, గడియారానికి ఎదురు దిక్కులో చుట్టుకుంటూ రావాల. జీ3లోనే జెడ్ కూడా ఇస్తే చుట్టుకి 8 మిల్లీమీటర్లు లేస్తూ వస్తుంది, కుడి మర పడుతుంది. నా కట్టర్ మెడ 35 మిల్లీమీటర్లే. నాకేమో నట్టు మందంగా, బలంగా ఉండాలని ఆశ. అందుకే 32 మిల్లీమీటర్ల పలకలు రెండింటికి విడివిడిగా మర కోసి, స్క్రూనే లోపల దూర్చి వరస కుదిర్చి, రెండూ అంటించినాను. 64 మిల్లీమీటర్లు, ఎనిమిది చుట్లు. నాలుగో వైస్ దగ్గరికి వచ్చేసరికి చెక్క చాలలేదు. దానికి ఒక్క పలకే పెట్టినాను. మనసులో కొంచెం సిగ్గు కూడా, డబ్బులు తీసుకుని తక్కువ చేస్తున్నానే అని.

వేసవి అంతా నాలుగూ బాగా తిరిగినాయి. స్క్రూకీ నట్టుకీ మధ్య 0.2 మిల్లీమీటర్ల సందు. వేలితో తిప్పితే తిరిగేది. వీడియో తీసి పెట్టినాను కూడా.

అక్టోబరులో ఆచారి వచ్చినాడు. "ఏమప్పా, నీ మర తిరగల్యా" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. మళ్ళీ కింద కూర్చుని కాలితో తొక్కి పని చేసుకుంటున్నాడంట. నాకు అదే ఎక్కువ బాధైంది. మిగతావి కనుక్కుంటే ఇంకో రెండూ బిగుసుకున్నాయి. ఒక్కటే తిరుగుతోంది. ఏది? ఆ ఒక్క పలక నట్టుది.

అప్పుడు కూడా నాకు అర్థం కాలేదండీ. మిషను మీదే అనుమానం పడినాను. బెల్టు జారిందేమో, స్టెప్పులు పోయినాయేమో అని. స్క్రూ తీసి వెర్నియర్ పెట్టి 20 చుట్లు కొలిచినాను: 160 మిల్లీమీటర్లు, కచ్చితంగా. ఆచారి వేరుశనగ నూనె పోసి చూసినాడంట. మన జిల్లాలో ప్రతి దానికీ వేరుశనగ నూనే కదా. కానీ అది ఆరే నూనె కాదు, జిగటగా అట్లే ఉండిపోతుంది, దుమ్ము పట్టి ఇంకా బిగిసింది. చెక్కకు పట్టించాలంటే అవిసె నూనె, అది ఆరి గట్టిపడుతుంది. మరలో జారడానికైతే మైనం.

ఆఖరికి చేతితో తిప్పుతుంటే ఒక సంగతి తగిలింది. స్క్రూ ఒకే తీరుగా బిగువు లేదు. ప్రతి అర చుట్టుకీ ఒకసారి పట్టేస్తోంది, మళ్ళీ వదులుతోంది. గుండ్రంగా ఉండేది అట్లా పట్టదు. వ్యాసం కొలిచినాను. ఒక దిక్కులో 50.6, దానికి అడ్డంగా 50.2. మేలో రెండు దిక్కులా 50 ఉండేది. కడ్డీ కోడిగుడ్డు తీరుగా అయిపోయింది.

ఇక్కడ చెక్క ఎట్లా ఉబ్బుతుందో చెప్పాల. చెక్క నార పొడుగునా దాదాపు మారదు. అడ్డంగా మారుతుంది, అది కూడా రెండు దిక్కుల్లో రెండు రకాలుగా. చెట్టు వలయాల వెంబడి ఎక్కువ, నడిమి నుంచి బెరడు వైపుకి తక్కువ. టేకు చాలా నెమ్మదైన చెక్క అంటాం కదా, అది కూడా పచ్చి నుంచి పూర్తిగా ఆరేసరికి వలయాల వెంబడి 5 శాతం పైన, నడిమి నుంచి బయటికి సుమారు 2.5 శాతం తగ్గుతుంది. మన ఊరిలో ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా సరిగ్గా పడదు, ఇక్కడ తేమ ఎక్కడిది అనుకున్నాను నేను. తప్పు లెక్క అదే. చెక్కకు వాన ఎంత పడిందని కాదు, గాలిలో తేమ ఎంత మారిందని లెక్క. గాలిలో తేమ 30 శాతం ఉంటే చెక్క తనలో సుమారు 6 శాతం నీళ్ళు ఉంచుకుంటుంది. 70 శాతం ఉంటే 12 దాటుతుంది. మన వేసవి మధ్యాహ్నానికీ, సెప్టెంబరు, అక్టోబరు ముసురుకీ మధ్య అంత తేడా ఉంది. సముద్రం పక్కన ఉండేవాళ్ళకు ఏడాది పొడుగునా తేమే, చెక్క పెద్దగా కదలదు. మనకే కదిలేది.

సరే, స్క్రూ లావైంది, నట్టు రంధ్రం కూడా పెద్దదవుతుంది కదా అంటారు. ఒక దిక్కులో అవుతుంది. రంధ్రానికి రెండో దిక్కు నార పొడుగునా ఉంది, అది కదలదు. స్క్రూ లావు దిక్కు ఆ కదలని దిక్కుకి వచ్చినప్పుడల్లా పట్టేస్తుంది. అర చుట్టుకి ఒకసారి. వ్యాసం 0.6 పెరిగిందంటే రేడియస్‌లో 0.3. నేను వదిలిన సందు 0.2. ఇక ఎట్లా తిరుగుతుంది?

కానీ అదొక్కటే అయితే నాలుగోది కూడా బిగుసుకోవాల. అది కూడా కాస్త పట్టి పట్టి తిరుగుతోంది, నిజమే, కానీ తిరుగుతోంది. మిగతా మూడింటికి ఇంకో రోగం ఉంది. స్క్రూలో పిచ్ నార పొడుగునా ఉంది, అందుకే 20 చుట్లకు 160 అట్లే ఉంది. నట్టులో మర నారకు అడ్డంగా పోతుంది. నట్టు మందం పెరిగితే దాని పిచ్ కూడా పెరుగుతుంది! 64 మిల్లీమీటర్ల నట్టును కొలిస్తే 64.7 ఉంది. స్క్రూ పన్నులేమో 8 దగ్గరే ఉన్నాయి, నట్టు గాడులు ఒక్కోటి కొంచెం కొంచెం జరిగి ఎనిమిదో చుట్టుకి 0.7 తప్పినాయి. మొదటి పన్ను ఒక గోడకు, ఆఖరి పన్ను ఎదురు గోడకు ఆనుకుని బిగిసిపోయినాయి. నాలుగు చుట్ల నట్టులో ఆ తప్పు సగమే. నేను బలం కోసం అంటించిన రెండో పలకే మర గొంతు పట్టుకుంది.

ఇది తెలిసినాక నాకు పత్తి గింజలు తీసే పాత చెక్క యంత్రం గుర్తొచ్చింది. మన దేశంలో చెక్క మర కొత్తదేమీ కాదు. ఒకదాని మీద ఒకటి రెండు చెక్క రోలర్లు, వాటి చివర్లలో మర చెక్కి ఉంటుంది. ఒకదానికి కుడి మర, ఇంకోదానికి ఎడమ మర. పిడి ఒక్కదానికే. దాన్ని తిప్పితే రెండోది ఎదురుగా తిరిగి, పత్తిని లాగి గింజను వెనకే ఉంచేస్తుంది. మధ్యయుగాల సాంకేతికత గురించి రాసిన చరిత్రకారుడు ఇర్ఫాన్ హబీబ్ దీన్ని చర్చించినారు. అందులో నట్టు లేదు చూడండి. రెండు కడ్డీలకూ నార పొడుగునే. వానొచ్చినా, ఎండొచ్చినా రెండింటి పిచ్ మారదు. ఎంత తెలివి! మీరు ఎడమ మర కోయాలనుకుంటే మన మిషనులో వై ముందు మైనస్ పెడితే చాలు. చేత్తో చెక్కినవాళ్ళకు అది ఎంత కష్టమో ఆలోచించండి.

తెలుగులో ఆ మాట కూడా చూడండి. మరమేకు, పిండిమర, ధర్మవరంలో మరమగ్గం. స్క్రూ చుట్టుకీ, మిషనుకీ మనకు ఒకటే మాట.

సరే, మూడు వైసులూ వెనక్కి తెచ్చుకున్నాను. నట్లు పగలగొట్టినాను. కొత్తవి ఒక్క పలకే, 32 మిల్లీమీటర్లు, నాలుగు చుట్లు. చేతి బిగింపుకి అవి చాలు. పలక ఎంచుకునేటప్పుడు చివర చూసినాను, వలయాలు మందానికి అడ్డంగా పడుకుని ఉండాల, అప్పుడు మందం తక్కువ కదిలే దిక్కులో ఉంటుంది. సందు 0.2 నుంచి 0.6 చేసినాను. 90 డిగ్రీల మర కాబట్టి రేడియస్‌లో 0.6 వదిలితే పన్నుకి రెండు పక్కలా కూడా 0.6 వస్తుంది. స్క్రూ 0.3 ఉబ్బినా ఇంకా అటు 0.3, ఇటు 0.3 మిగులుతుంది, నట్టు మందంలో వచ్చే తప్పు అందులో ఇమిడిపోతుంది. వేసవిలో చేత్తో ఊపితే లొడలొడ అంటుంది. అననీండి. బిగించినాక పన్ను ఒకే పక్కకు ఆనుతుంది, ఆ లొడలొడ పనికి అడ్డం రాదు.

కొత్త నట్లు ఆ నవంబరులో బిగించినాను. తర్వాత ఒక వేసవి, ఒక ముసురు పోయినాయి. ఆచారి దగ్గరికి పోయినప్పుడు నేను ముందు స్క్రూ పట్టుకుని తిప్పి చూస్తాను, ఆయన నవ్వుతాడు. మైనం మాత్రం ఆయన వాడడం లేదు, ఇంట్లో కొవ్వొత్తి ముక్కలు రుద్దుతున్నాడు. అది కూడా బాగానే ఉంది.

వచ్చే ఎపిసోడ్‌లో ఆ పొడుగు మెడ కట్టర్‌ని ఇంట్లోనే ఎట్లా అరగదీసుకోవాలో చూపిస్తాను. చాలామంది అడిగినారు. ఉంటాను.