ఎక్స్‌రేకు చిక్కని క్షయ

అమెరికాలో ఏటా బయటపడే టీబీ కేసుల్లో నూటికి డెబ్బైకి పైగా ఆ దేశంలో పుట్టనివారివే. ఈ ఒక్క అంకె చూపించి, వలసలు ఆపితే జబ్బూ ఆగుతుందని వాదించేవారికి ఏ దేశంలోనూ కొదవ లేదు. అంకె నిజమే, దాని నుంచి తీసిన తీర్పే తప్పు. వలస వచ్చినవారిలో క్షయ ఎక్కువగా కనిపించడం వేరు, వారి వల్ల స్థానికులకు క్షయ అంటుకోవడం వేరు. ఈ రెండింటినీ విడదీసి చూస్తే సరిహద్దులో చేసే తనిఖీ ఎంత అవసరమో, అది ఎక్కడ చాలదో తెలుస్తుంది. మిగిలిన పని జరగాల్సింది వాళ్లు కాపురముండే ఊళ్లో, అక్కడి ఆసుపత్రిలో.

క్షయ బ్యాక్టీరియా గాలితో పాటు ఊపిరితిత్తుల్లోకి చేరగానే మాక్రోఫేజ్‌లనే రక్షక కణాలు దాన్ని మింగుతాయి. మింగినా చాలాసార్లు చంపలేవు. అప్పుడు మరిన్ని కణాలు వచ్చి చుట్టూ గోడ కట్టి దాన్ని అందులోనే బంధిస్తాయి. ఈ దశలో ఉన్న మనిషికి దగ్గు ఉండదు, జ్వరం రాదు, ఎక్స్‌రే సాధారణంగా శుభ్రంగానే ఉంటుంది, పక్కవారికి ఏమీ అంటదు. ప్రపంచ జనాభాలో దాదాపు నాలుగో వంతు మందికి ఈ క్రిమి సోకి ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో 5 నుంచి 10 శాతం మందికే జీవితకాలంలో అది జబ్బుగా మారుతుంది. మధుమేహం అదుపు తప్పినా, హెచ్‌ఐవీ సోకినా, కీళ్లవాతానికి రోగనిరోధక శక్తిని అణచే మందులు వాడినా, వయసు మీద పడినా ఆ గోడ బీటలు వారవచ్చు. ప్రపంచంలోని కొత్త టీబీ రోగుల్లో సుమారు నాలుగో వంతు భారత్‌లోనే ఉన్నారు. అలాంటప్పుడు వరంగల్‌లో చదువుకునే రోజుల్లో పీల్చిన క్రిమి న్యూజెర్సీలో యాభయ్యో ఏట జబ్బుగా తేలడంలో వింత లేదు. అమెరికాలోని టీబీ కేసుల్లో 80 శాతానికి పైగా ఇలా ఎప్పుడో సోకి ఇప్పుడు తిరగబెట్టినవేనని అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రాలు లెక్కగట్టాయి.

తిరగబెట్టిన జబ్బు కూడా దగ్గుతో వ్యాపిస్తుంది కదా అని అడగవచ్చు. వ్యాపిస్తుంది. ఎవరి నుంచి ఎవరికి అన్నది ఊహతో కాక పరీక్షతో తేల్చుకోవచ్చు. ఇద్దరు రోగుల్లోని బ్యాక్టీరియా డీఎన్‌ఏ ఒకేలా ఉంటే వాళ్ల మధ్య ఇటీవలి వ్యాప్తి ఉందని అనుమానించవచ్చు, వేర్వేరుగా ఉంటే ఒకరి నుంచి ఒకరికి రాలేదనుకోవచ్చు. డెన్మార్క్‌లో ఇలా ఏళ్ల తరబడి నమూనాలను పోల్చి చూస్తే, వలసదారుల నుంచి డేన్‌లకు సోకిన దానికన్నా డేన్‌ల నుంచి వలసదారులకు సోకిందే ఎక్కువని తేలింది. వలస కుటుంబంలో క్షయ బయటపడితే ముందుగా ప్రమాదంలో పడేది ఆ ఇంట్లోవాళ్లే.

వలసదారుల్లో కనిపించే అంటువ్యాధులన్నీ వారు వెంట తెచ్చుకున్నవని అనుకోవడం మరో పొరపాటు. 2020లో సింగపూర్ డార్మిటరీల్లో సుమారు 3.23 లక్షల మంది కార్మికులు ఉండేవారు. వారిలో ఎక్కువమంది బంగ్లాదేశ్, భారత్‌ల నుంచి వచ్చినవారు. ఒక్కో గదిలో పన్నెండు మందికి పైగా, ఒకదాని మీద ఒకటిగా మంచాలు, అందరికీ కలిపి వంటిల్లు, స్నానాల గదులు. ఆ డిసెంబరు నాటికి వారిలో 47 శాతం మందికి కోవిడ్ సోకిందని ప్రభుత్వమే ప్రకటించింది. డార్మిటరీల బయట ఉన్న లక్షల జనంలో నమోదైన కేసులు కొన్ని వేలే. వైరస్ ఒక్కటే, నగరమూ ఒక్కటే, తేడా అంతా గదిలో ఉంది.

అలాగని వీసా పరీక్షలు దండగ అనలేం. సూక్ష్మదర్శినిలో క్షయ క్రిమి కనిపించాలంటే మిల్లీలీటరు తెమడలో వేల సంఖ్యలో ఉండాలి. తెమడలోని క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసే కల్చర్ పరీక్షకు వారాలు పట్టినా అంతకన్నా చాలా తక్కువ ఉన్నా పట్టేస్తుంది. అమెరికా 2007లో వలస వీసాల వారికి, ఎక్స్‌రేలో అనుమానం వస్తే కల్చర్ కూడా చేయించాలని నిబంధన తెచ్చాక, అడుగుపెట్టిన మొదటి ఏడాదిలోనే బయటపడే కేసులు తగ్గాయి. అయితే ఆ పద్ధతిలో జబ్బు తేలినవారికి ముందు చికిత్స చేసి, నయమయ్యాక దారి ఇస్తారు. గల్ఫ్‌కు బయల్దేరే జగిత్యాల, సిరిసిల్ల కార్మికులకు మాత్రం చాలాకాలంగా వీసా వైద్య పరీక్షలో ‘అన్‌ఫిట్’ అనే ఒక్క మాటతో కథ ముగుస్తోంది. ఎప్పుడో మానిపోయిన క్షయ మచ్చ కనబడినా అదే ఫలితం. దగ్గు బయటపెడితే ఉద్యోగం పోతుందని, వీసా కోసం చేసిన అప్పు మెడకు చుట్టుకుంటుందని తెలిసినవాడు దగ్గును దాచుకుంటాడు. దాచిన ప్రతి వారమూ గదిలోని మిగతావారికి ముప్పే.

వచ్చినవారి వైద్యానికి మా పన్నుల సొమ్మెందుకు అనే అభ్యంతరం మిగిలింది. నిద్రాణంగా ఉన్న క్షయను తొలగించడానికి నాలుగు నెలల రిఫాంపిసిన్, లేదా వారానికోసారి చొప్పున పన్నెండు మోతాదుల రిఫాపెంటిన్, ఐసోనియాజిడ్ చాలు. కాలేయంపై దుష్ప్రభావాలు ఉండొచ్చు కనుక అందరికీ కాక ముప్పు ఎక్కువున్నవారికే ఇవ్వాలి. ముదిరిన క్షయకు, అందులోనూ మందులకు లొంగని రకానికి అయ్యే ఖర్చుతో పోలిస్తే ఇది స్వల్పం. ఈ లెక్కతోనే ఇంగ్లండ్ 2015 నుంచి, క్షయ ఎక్కువున్న దేశాల నుంచి కొత్తగా వచ్చిన 16–35 ఏళ్ల వారికి నిద్రాణ క్షయను పట్టే రక్త పరీక్ష ఉచితంగా చేయిస్తోంది. చిన్నప్పుడు బీసీజీ టీకా వేయించుకున్న మనవాళ్లకు చర్మ పరీక్ష తప్పుగా పాజిటివ్ చూపొచ్చు, రక్త పరీక్షకు ఆ ఇబ్బంది లేదు. విదేశంలో స్థిరపడిన తెలుగువారు మధుమేహం వచ్చినప్పుడో, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు మొదలుపెట్టే ముందో ఈ పరీక్ష సంగతి డాక్టరును తామే అడగడం మంచిది. ఆ మాట అడిగినందుకు వీసా పోతుందన్న భయం లేని దేశంలోనే క్షయ తగ్గుతుంది.