సభలో పలికిన మాట

దుర్గాబాయమ్మగారిని గూర్చి వ్యాసము వ్రాసి తెమ్మని పదవ తరగతి విద్యార్థులకు చెప్పితిని. 1909లో రాజమహేంద్రవరమున జన్మించి, ఉప్పు సత్యాగ్రహములో చెరసాలకేగి, ఆంధ్ర మహిళాసభను స్థాపించి, రాజ్యాంగ నిర్మాణసభలో సభ్యురాలైన ఆ మహనీయురాలి జీవితము తెలుగు పిల్లలకు కొత్త కాదు. వ్యాసములన్నియు ఇంచుమించు ఒకే మూసలో వచ్చినవి. ఒక బాలిక మాత్రము చివర ఇట్లు వ్రాసినది: “ఆమె రాజ్యాంగ నిర్మాణసభలో సభ్యురాలేగాని, అక్కడ మాట్లాడినట్లు ఆధారములు లేవు.”

ఆ వాక్యమును చదివి, ఎర్రసిరా తాకింపకయే పుట త్రిప్పబోయితిని. ఎందుకో అనుమానము కలిగి, ఆమెను పిలిచి అడిగితిని.

“నేను ఊహించి రాయలేదు, మాస్టారూ! సభ చర్చలన్నీ ఇప్పుడు కంప్యూటరులో దొరుకుతున్నాయి కదండీ. దేశ్‌ముఖ్ అనే పేరుతో వెతికాను. వచ్చినవన్నీ పంజాబ్‌రావు దేశ్‌ముఖ్ గారి ప్రసంగాలే. ఆవిడవి ఒక్కటీ రాలేదు” అన్నది.

తక్కిన పిల్లలు ఎవరో వ్రాసినదానిని చూచి వ్రాసిరి; ఈ బాలిక మూలగ్రంథమునే తెరచినది. అయినను ఆమెకు దొరికినది అసత్యము. కారణము చాల చిన్నది. దుర్గాబాయిగారు చింతామణి దేశ్‌ముఖ్ గారిని వివాహమాడినది 1953లో. రాజ్యాంగ నిర్మాణసభ 1946 డిసెంబరు 9వ తేదీన ప్రారంభమై, 1950 జనవరి 24న కడపటిసారి సమావేశమైనది. ఆ సభా గ్రంథములలో ఆమె పేరు ‘శ్రీమతి జి. దుర్గాబాయి’. పేరు మార్చి వెదకినంతనే ఆమె మాటలు పుటలు పుటలుగా బయటపడినవి.

వానిలో రెండింటిని మాత్రము ఇచట చెప్పెదను. రాజ్యసభ సభ్యత్వమునకు కనీస వయస్సు 35 సంవత్సరములుండవలెనని 1949 మే నెలలో సభ ముందొక ప్రతిపాదన వచ్చినది. దానిని 30కి తగ్గింపవలెనని సవరణ తెచ్చినవారు దుర్గాబాయిగారు. వివేకము వయస్సునుబట్టి వచ్చునది కాదనియు, నేటి యువతీయువకులు తమ హక్కులను, బాధ్యతలను ఎరిగినవారనియు ఆమె వాదించిరి. సభ అంగీకరించినది. నేటి రాజ్యాంగములోని 84వ అధికరణములో 30 అను అంకె అట్లు వచ్చినదే. అదే సంవత్సరము సెప్టెంబరులో అధికారభాషపై చర్చ జరిగినప్పుడు, బాల్యముననే హిందీ నేర్చి ఇతరులకు నేర్పిన ఆమెయే, హిందీ అభిమానుల అత్యుత్సాహము దక్షిణాదివారి మనస్సులను దూరము చేయుచున్నదని నిర్మొహమాటముగా చెప్పిరి. ఇంతగా మాట్లాడిన వ్యక్తిని ఒక్క ఇంటిపేరు పొరపాటు మూగదానిని చేసినది. ఉపాధ్యాయుడనైన నేను దానిపై సంతకము చేయబోయితిని.

ఈ గ్రంథములు మన చేతికి తేలికగా వచ్చినవని విద్యార్థులు భావింపరాదు. సభలో పలికిన మాటను బయట అచ్చువేయుట ఒకప్పుడు నేరము. పదునెనిమిదవ శతాబ్దిలో ఇంగ్లండు కామన్సు సభ తన చర్చలను ప్రకటించుట సభాహక్కులకు భంగమని శాసించినది. లండనులోని జెంటిల్మన్స్ మాగజైను అను పత్రిక దానికొక ఉపాయము కనిపెట్టినది. ‘లిల్లిపుట్’ అను కల్పిత దేశపు సభలో జరిగిన చర్చలని పేరు పెట్టి, సభ్యుల పేర్లను మరుగుపరచి అచ్చువేసినది. 1740 ప్రాంతముల ఆ చర్చలను వ్రాసినవాడు నిఘంటుకారుడైన శామ్యూల్ జాన్సన్. అతడు సభలో కూర్చుండి విని వ్రాసినది బహు స్వల్పము. అందిన కొద్దిపాటి సమాచారమునకు తన వాక్పటిమను జోడించి ప్రసంగములను అల్లెడివాడు. జనులు వానిని సభ్యుల సొంత మాటలుగానే నమ్మిరి. తన రచనలలో తన అంతరాత్మను బాధించినవి అవియేయని జాన్సన్ అవసానకాలమున చెప్పినట్లు అతని జీవితకథ వలన తెలియుచున్నది. ఒకరి నోట లేని మాట పెట్టుట ఎంతటి పండితునికైనను తప్పే.

1771లో చర్చలను ప్రకటించిన ముద్రాపకులను పట్టి తెచ్చుటకు కామన్సు సభ పూనుకొన్నది. వారికి అండగా నిలిచిన లండను నగర మేయరు బ్రాస్ క్రాస్బీని టవరు కోటలో నిర్బంధించినది. నగరమంతయు ఆయన పక్షమున నిలిచినది. పిదప ఆ నిషేధమును అమలుపరచు సాహసము సభకు లేకపోయినది. పందొమ్మిదవ శతాబ్ది ఆరంభమున విలియం కాబెట్ అను పాత్రికేయుడు చర్చలను వరుసగా ప్రకటింపసాగెను. 1812లో ఆ పనిని థామస్ హాన్సర్డ్ అను ముద్రాపకుడు తన చేతిలోనికి తీసికొనెను. నాటి ముద్రాపకుని పేరే నేటికిని ఆ గ్రంథమునకు నిలిచినది. సభ తన సొంత ఉద్యోగులచే నివేదికను తయారుచేయించుట 1909లోగాని ప్రారంభము కాలేదు.

మన దేశములో ఈ కథ మరియొక త్రోవను నడచినది. సభలో పలికిన మాటకుగాని, సభ అధికారముతో ప్రకటించిన నివేదికకుగాని న్యాయస్థానములో ఎవరును బాధ్యులు కారని 105వ అధికరణము చెప్పుచున్నది. పత్రికలకు మాత్రము ఈ రక్షణ లేకుండెను. ఫిరోజ్ గాంధీ ప్రయివేటు సభ్యునిగా బిల్లు తెచ్చి, సభాకార్యక్రమములను సద్బుద్ధితో యథార్థముగా ప్రకటించు పత్రికలకు 1956లో ఆ రక్షణ సంపాదించెను. మరుసటి సంవత్సరము డిసెంబరులో జీవిత బీమా సంస్థ పెట్టుబడులపై ఆయన లోకసభలో చేసిన ప్రసంగము పత్రికల ద్వారా దేశమంతటికిని తెలిసినది. విచారణ జరిగినది. 1958 ఫిబ్రవరిలో ఆర్థికమంత్రి కృష్ణమాచారి రాజీనామా చేసిరి. అత్యవసర పరిస్థితి కాలమున, 1976లో, ఆ చట్టమును రద్దుచేసిరి. నాటి ప్రధానమంత్రి ఫిరోజ్ గాంధీ భార్యయేయగుట చరిత్రలోని విషాదము. 1977లో చట్టము మరల వచ్చినది. 1978 నాటి 44వ సవరణతో ఆ రక్షణ రాజ్యాంగములోనే 361ఎ అధికరణముగా చేరినది. సభలోని మాటను ప్రజలు చదువగలుగుట ఒక హక్కు. దానిని ఒకసారి పోగొట్టుకొని తిరిగి తెచ్చుకొంటిమి.

అట్టి హక్కును వాడుకొనుటకు కొంత నేర్పు కావలెను. పేరు సంగతి చెప్పితిని. అంకెల సంగతియు అట్టిదే. 32వ అధికరణము రాజ్యాంగమునకు ఆత్మ, హృదయము వంటిదని అంబేద్కర్ మహాశయుడు చెప్పెనని మనము తరగతిలో బోధించుచుందుము. ఆ ప్రసంగమును 32 అను అంకెతో వెదకినవానికి నిరాశయే మిగులును. 1948 డిసెంబరు 9న ఆయన మాట్లాడినప్పుడు, చిత్తుప్రతిలో అది 25వ అధికరణము. అస్పృశ్యతను నిషేధించు నేటి 17వ అధికరణము, 1948 నవంబరు 29న సభ ఆమోదించిననాడు 11వది. సభల పేర్లును మారినవి. లోకసభ, రాజ్యసభ అను పేర్లు 1954 నుండి వచ్చినవి. అంతకుముందు ఇంగ్లీషులో అవి ప్రజల సభ, రాష్ట్రముల మండలి. కావున ఏ కాలపు మాటను వెదకుచున్నామో ఆ కాలపు పేరుతోనే పిలువవలెను.

భాష మరియొక చిక్కు. లోకసభ మూలప్రతిలో హిందీ ప్రసంగములు దేవనాగరిలోనే అచ్చగును. ఇంగ్లీషు మాటతో మాత్రమే వెదకినవానికి సభలో సగము మూగవోవును. పాత పుటలను యంత్రము చదివినప్పుడు అక్షరములు తారుమారగుటయు కలదు. దొరకలేదు అన్నంత మాత్రమున లేదని అర్థము చేసికొనరాదు. మా బాలిక చేసిన పొరపాటు పెద్దలును తరచు చేయునదే.

కొన్నిచోట్ల మాట నిజముగానే ఉండదు. అవమానకరములు, అసభ్యములు, సభామర్యాదకు విరుద్ధములు అయిన పదములను తొలగించు అధికారమును లోకసభ 380వ నియమము స్పీకరునకు ఇచ్చినది. అట్లు తొలగించినచోట నక్షత్రపు గుర్తులుంచి, సభాపతి ఆజ్ఞచే తొలగింపబడినవని అడుగున వ్రాయుదురు. కాలు జారినచో తీసికొనవచ్చును, నోరు జారినచో తీసికొనలేమని మన సామెత. శాసనసభ్యునకు మాత్రము సభాపతి దయవలన ఆ సౌకర్యము కొంత కలదు! అయినను, ఇక్కడ ఏదియో ఉండెనను సంగతిని ఆ నక్షత్రములు దాచవు.

అన్నింటికంటె ముఖ్యమైనది, దొరికిన ఒక్క వాక్యముతో తృప్తిపడకుండుట. ఒక సభ్యుడు ప్రతిపక్షుని వాదమును ఖండించుటకై ముందు దానిని తన నోట చెప్పును. ఆ వాక్యమును మాత్రము విరిచి తీసికొన్నచో అతని అభిప్రాయము తలక్రిందులగును. ప్రతిపాదించినది ఎవరు, బదులు చెప్పినది ఎవరు, తుదకు సభ ఆమోదించినదా లేదా అను మూడు సంగతులను చూచినగాని ఆ మాట విలువ తెలియదు. మహాపురుషుల చిత్రపటము ప్రక్క ఏదో వాక్యము చేర్చి, వారే పలికిరని ఫోనులలో పంపుకొను ఈ దినములలో, తేదీ ఏది, సంపుటమేది అని అడుగు అలవాటు పిల్లలకు చిన్ననాడే కావలెను. జాన్సన్ పండితుడు కనీసము పశ్చాత్తాపపడెను. నేటి కల్పనాకారులకు అదియును లేదు.

మా బాలిక వ్యాసమును తిరుగవ్రాసి తెచ్చినది. ఆ తప్పు వాక్యమున్నచోట వయస్సు సవరణ కథ వచ్చినది. దాని క్రింద చర్చ జరిగిన నెల, సంవత్సరము వేసినది. “మాస్టారూ, ఆవిడ ముప్ఫై చాలన్నారు కదా! పదిహేనేళ్లవాళ్ల సంగతి సభలో ఎవరైనా మాట్లాడారేమో వెతకనా?” అని అడిగినది.

వెదకుమంటిని. ఏ పేరుతో వెదకవలెనో మాత్రము ఈసారి ఇద్దరము కూర్చుండి ముందుగా ఆలోచించితిమి.