కంది రోడ్డు మీద రాయని నవల

కందిలో పాత ట్రంకు పెట్టెలు తెరిపిస్తున్నది భూమి ధర. 2008లో మొదలైన ఐఐటీ హైదరాబాద్ ఎద్దుమైలారంలోని తాత్కాలిక వసతి వదిలి 2015లో ఇక్కడి 576 ఎకరాలకు వచ్చేసింది. అటు పాశమైలారం, పటాన్‌చెరు ఫ్యాక్టరీలు. ఎకరాల లెక్క పోయి గజాల బేరం మొదలయ్యేసరికి అన్నదమ్ములు పాత భూమి రికార్డుల కోసం, అంటే సేత్వార్ నకలు కోసం, 1954-55 ఖాస్రా పహణీ కోసం తహశీల్ ఆఫీసుకు తిరుగుతారు. పాత కాయితం ఉర్దూలో ఉంటుంది, సాలు ఫసలీలో. 1357 అంటే మన 1947-48. పట్టాదారు గడిలో తాత పేరు లేదనుకోండి, ఇంట్లో ఎన్నడూ వినని పేరొకటి ఉందనుకోండి. రెండు కాలాల కుటుంబ నవలకు ఇంతకన్నా మంచి మొదలు ఏం కావాలి?

యూరప్‌లో ఈ తరహా నవలకు పెద్ద మార్కెట్టే ఉంది. తాతియానా ద రోస్నే 'సారాస్ కీ' తీసుకోండి. జర్మన్ల ఆక్రమణలో ఉన్న పారిస్‌లో 1942 జూలైలో యూదు కుటుంబాలను పట్టుకుపోయింది ఫ్రెంచి పోలీసులే. అరవై ఏళ్ల తర్వాత ఒక జర్నలిస్టు, తన అత్తగారి వాళ్ల ఫ్లాటు అట్లా ఖాళీ అయిందేనని కనుక్కుంటుంది. ఆ కథ బలమంతా అత్తగారిల్లే. ఊరు పేరు లేని దుర్మార్గుడి కోసం వెతకక్కర్లేదు.

మన దగ్గర ఆ కాలం 1948 సెప్టెంబరు. నిజాం రాజ్యంలో రజాకార్ల దాడుల భయంలో పల్లెలు బతుకుతున్న రోజులు. 13న షోలాపూర్ వైపు నుంచి కదిలిన భారత సైన్యం నల్‌దుర్గ్, హుమ్నాబాద్, జహీరాబాద్ మీదుగా హైదరాబాద్ బాట పట్టింది. దాన్నే పోలీసు చర్య అన్నారు. 18న నిజాం సేనాని ఎల్ ఎద్రూస్ లొంగిపోయాడు, మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి మిలిటరీ గవర్నరయ్యాడు. తర్వాత ముస్లింల మీద జరిగిన హింసను కేంద్రం పంపిన సుందర్‌లాల్ కమిటీ చూసింది. అతి తక్కువ లెక్కేసినా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని రాసింది. జనం ఆ నివేదికను పూర్తిగా చదవగలిగింది 2013లో. ఒక తరం మొత్తం పోయాక.

వెనువెంటనే 1949లో జాగీర్ల రద్దు, 1950లో కౌల్దారీ చట్టం, కాందిశీకుల ఆస్తుల చట్టం. మన కల్పిత తాత చేతికి పొలం రక్షిత కౌలుదారుగా న్యాయంగా వచ్చి ఉండొచ్చు. పారిపోతున్నవాడు అగ్గువకు అమ్మి ఉండొచ్చు. అమ్మేవాడు లేకుండానే అమ్మకం జరిగి ఉండొచ్చు. పహణీలో మూడూ ఒక్క గీతలోనే ఇముడుతాయి. నవలాకారుడికి అసలు పని అక్కడ.

దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు', 'మోదుగుపూలు', 'జనపదం'తో ఆ యుగాన్ని వరసగా నడిపించారు. అంపశయ్య నవీన్ 'కాలరేఖలు'కు 2004లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. నెల్లూరి కేశవస్వామి కథ 'యుగాంతం' పోలీసు చర్య నాటి నగరాన్ని చూపింది. ఇవన్నీ ఆనాటి మనుషుల కథలు. మనవడిని నిలబెట్టి, ఈ పొలం మనకెట్లా వచ్చిందని అడిగించే నవల నా కంటపడలేదు. దొరను తిట్టడం మనకు తేలికే, సొంత తాతను అడగడమే కష్టం.

అది రాయబోయేవారు ముందు ఉర్దూ నేర్చుకోవాలి. లేదా చదివిపెట్టే ఒక పెద్దాయనను వెతుక్కోవాలి. జీలానీ బానో 'ఐవాన్-ఎ-గజల్' చదవాలి, హైదరాబాదీ ముస్లిం కుటుంబం లోపలి నుంచి ఆ కాలం అందులో కనిపిస్తుంది. అఫ్సర్ 2023లో ఇంగ్లిషులో వెలువరించిన పోలీసు చర్య పరిశోధన కూడా. ఆ తర్వాతే తహశీల్ ఆఫీసు.