ముల్లు ఎక్కడ వాలుతుంది?

ఇంజిన్‌లో పెట్రోలు మండితే పుట్టే శక్తిలో దాదాపు మూడో వంతు వేడి పొగగా సైలెన్సర్ గొట్టంలోంచి బయటికి పోతుంది. ఆ పొగతో ఒక చిన్న చక్రాన్ని తిప్పి, అదే ఇరుసుకు రెండో కొసన ఇంకో చక్రాన్ని బిగించి, దాంతో ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో తోస్తే ఎలా ఉంటుంది? ఈ ఆలోచనకు 1905లో పేటెంటు తీసుకున్నవాడు స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్ఫ్రెడ్ బ్యూషి. అదే టర్బోచార్జర్. పొయ్యికి ఊదుగొట్టం ఎలాగో ఇంజిన్‌కి ఇది అలాగ. కాకపోతే ఇక్కడ ఊదే పని కూడా పొయ్యి పొగే చేస్తుంది.

దాని గొప్పతనమూ అక్కడే, దానితో వచ్చే పేచీ కూడా అక్కడే. పొగ బలంగా వస్తేనే చక్రం తిరుగుతుంది. చక్రం తిరిగితేనే గాలి, గాలి ఉంటేనే మళ్లీ బలమైన పొగ. ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతున్నంతసేపూ టర్బో ఉన్నా లేనట్టే.

మొదట్లో దాన్ని వాడినవాళ్లకు ఈ పేచీ పెద్దగా ఎదురుకాలేదు. 1920ల మధ్యలో ‘ప్రాయిసెన్’, ‘హాన్సెస్టాట్ డాన్సిగ్’ అనే రెండు జర్మన్ నౌకల డీజిల్ ఇంజిన్లకు టర్బో బిగిస్తే, 1750 హార్స్‌పవర్ కాస్తా 2500 అయింది. నౌక ఇంజిన్ గంటల తరబడి ఒకే వేగంతో తిరుగుతుంది కాబట్టి టర్బోకి నిద్రపోయే తీరికే ఉండదు. విమానం సంగతీ అంతే. 1918లో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజినీరు శాన్‌ఫర్డ్ మాస్ ఒక లిబర్టీ విమాన ఇంజిన్‌ని అమెరికాలోని పైక్స్ పీక్ శిఖరం మీదికి, అంటే 14,000 అడుగుల ఎత్తుకు, లారీలో ఎక్కించి నడిపి చూశాడు. కింద 350 హెచ్‌పీ ఇచ్చే ఇంజిన్ అక్కడి పలుచటి గాలిలో 230 దగ్గర చతికిలబడింది. టర్బో తగిలిస్తే 356 ఇచ్చింది.

కారెక్కాక మొదలైన తంటా

కారు అలా కాదు. సిగ్నల్ దగ్గర ఆగుతుంది, మలుపులో తగ్గుతుంది, గేరు మారిన ప్రతిసారీ ఇంజిన్ వేగం ఒక్కసారిగా పడిపోతుంది. టర్బో కార్లు 1962లోనే అమెరికాలో అమ్మకానికి వచ్చినా, వాటికి పేరు తెచ్చింది 1974లో పారిస్ ప్రదర్శనలో కనిపించిన పోర్షె 911 టర్బో. పేరుతో పాటు అపఖ్యాతీ వచ్చింది. యాక్సిలరేటర్ తొక్కితే ముందు ఏమీ జరగదు, ఆ తర్వాత అంతా ఒక్కసారే జరుగుతుంది. పైగా దానికి ఉన్నవి నాలుగే గేర్లు. గేర్ల మధ్య ఎడం ఎక్కువైతే, మార్చిన ప్రతిసారీ ఇంజిన్ వేగం చూపే ముల్లు మరీ కిందికి పడుతుంది. అయిదో గేరు కోసం 1989 మోడల్ దాకా ఆగాల్సి వచ్చింది.

సాబ్ కంపెనీ ఇంకో దారి పట్టింది. దాని 99 టర్బోలో చిన్న టర్బో పెట్టి, ఒత్తిడి మితిమీరకుండా పొగను పక్కకు మళ్లించే వేస్ట్‌గేట్ అమర్చింది. పైన కాస్త పవర్ వదులుకుని, రోజువారీ డ్రైవింగ్‌లో వాడే వేగాల దగ్గరే బూస్ట్ (టర్బో తోసే గాలి ఒత్తిడి) వచ్చేలా చేసుకుంది. ఫార్ములా వన్‌లో 1977లో ఒకే టర్బోతో దిగిన రెనో కూడా, 1979లో దాని స్థానంలో రెండు చిన్నవి పెట్టుకుంది. ఆ ఏడాదే డిజాన్‌లో తొలి విజయం అందుకుంది.

ఈ కథను తిరగేసి చదివితే, కారులో టర్బో మార్పించేవాళ్ల చిక్కు తెలుస్తుంది. కంపెనీ పెట్టిన చిన్న టర్బో తీసేసి పెద్దది పెట్టించడమంటే, సాబ్ దారి వదిలి పాత పోర్షె దారి పట్టడమే. అప్పుడు గేరు ఎక్కడ మార్చాలన్న లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

లెక్క చూద్దాం

2002లో అమెరికాలో అమ్మిన సుబారు ఇంప్రెజా డబ్ల్యూఆర్‌ఎక్స్‌ని తీసుకుందాం. 2 లీటర్ల ఇంజిన్, నిమిషానికి 6000 చుట్ల (ఆర్‌పీఎం) దగ్గర 227 హెచ్‌పీ. గేరు నిష్పత్తులు వరసగా 3.454, 1.947, 1.366, 0.972, 0.738. రెండో గేరు నుంచి మూడో గేరుకి మారితే ఇంజిన్ వేగం 1.366/1.947 వంతుకు, అంటే నూటికి 70కి దిగుతుంది. 6500 దగ్గర మారిస్తే ముల్లు సుమారు 4560 దగ్గర వాలుతుంది. ఒకటి నుంచి రెండుకైతే ఏకంగా 3660కి పడిపోతుంది.

గేరు మారే ఆ క్షణంలో కారు వేగం మారదు. ఆ వేగంలో కారును ముందుకు తోసేది ఇంజిన్ నుంచి చక్రాలకు చేరే పవర్. కాబట్టి ఇప్పుడున్న చోట పవర్, మార్చాక వాలే చోట పవర్ సమానమయ్యేదాకా ఆగి, అప్పుడు మార్చాలి. పికప్ తగ్గినట్టు అనిపించగానే మార్చేవాళ్లూ, ఇంజిన్ వేగం హద్దయిన రెడ్‌లైన్ తగిలేదాకా లాగేవాళ్లూ ఇద్దరూ కొంత పోగొట్టుకుంటారు.

లెక్క కోసం కొన్ని అంకెలు అనుకుందాం. పాత టర్బోనే ఉంచి, ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్ (ఈసీయూ) ప్రోగ్రాం మార్చిన కారు 4560 దగ్గర 222 హెచ్‌పీ, 4900 దగ్గర 237, 6500 దగ్గర 225, 7000 దగ్గర 200 ఇస్తోంది. రెండో గేరులో 6500 దగ్గర మారిస్తే 225 నుంచి 222కి వస్తాం, లెక్క సరిపోయింది. 7000 దాకా లాగితే, అవతలి గేరులో 237 సిద్ధంగా ఉండగా 200తో నెట్టుకొస్తున్నట్టు. ఇప్పుడు పెద్ద టర్బో పెట్టించాం. 4560 దగ్గర 200, 4900 దగ్గర 240, 6500 దగ్గర 330, 7000 దగ్గర 325. ఈసారి 6500 దగ్గర మారిస్తే 330 నుంచి 200కి పడతాం. 7000 దాకా లాగడమే లాభం. లెక్క ఇంకా పైకి పొమ్మంటుంది, ఇంజిన్ వద్దంటుంది. 6500 నుంచి 7000కి వెళితే పిస్టన్, కనెక్టింగ్ రాడ్ల మీద జడత్వ బలం 16 శాతం పెరుగుతుంది. వాల్వ్ స్ప్రింగులకూ ఒక హద్దుంది.

ఇలాంటి అంకెల కోసం, పవర్ కొలిచే డైనో రోలర్ల మీద తీసిన గ్రాఫ్‌ని కూడా పూర్తిగా నమ్మకూడదు. దాన్ని సాధారణంగా మూడో గేరులోనో నాలుగో గేరులోనో తీస్తారు. మొదటి గేరులో ముల్లు ఎంత త్వరగా ఎగబాకుతుందంటే, టర్బోకి పుంజుకునే వ్యవధే ఉండదు. క్లచ్ తొక్కి యాక్సిలరేటర్ వదిలినప్పుడు బూస్ట్ జారిపోయి, మళ్లీ నిండడానికి సమయం పడుతుంది. అందుకే కాగితం మీద వచ్చిన అంకెకు కాస్త పైనే మార్చి, బూస్ట్, ఆర్‌పీఎం, సమయం మూడూ రికార్డు చేసి ట్రాక్ మీద పోల్చుకోవాలి. రోడ్డు మీద కాదు. మన దేశంలో కంపెనీ ఇచ్చిన ఇంజిన్‌ని మార్చడానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డు కూడా ఉంది.

ఆటోమేటిక్ గేరుబాక్సున్న కార్లలో ఈ లెక్కను కంప్యూటరే చేస్తుంది. అయితే దానికి తెలిసింది కంపెనీ టర్బో ఒక్కటే. టర్బో మార్చి ఆ కంప్యూటర్ ప్రోగ్రాం మార్చకపోతే, అది పాత ఇంజిన్ ఉందనుకునే గేర్లు మారుస్తూ పోతుంది.

పెద్ద టర్బో పెట్టించినవాళ్లు గ్రాఫ్ చేతికి రాగానే శిఖరం ఎంతుందో చూస్తారు. అది ఎలాగూ మెకానిక్ చెబుతాడు. వేలు పెట్టి చూడాల్సింది 4000 నుంచి 5000 మధ్య ముక్క. గేరు మారాక ఎక్కువసార్లు కారు వచ్చిపడేది అక్కడే.